కంపెనీ ఇచ్చింది సగమే బావా

చిన్నకోడూరు

బావా,

మన పాత లారీ ఇంజిన్ తిరిగింది. మిగిలిన ముచ్చట్లన్నీ ఎన్కకు పెట్టి ఇదే ముందు రాస్తున్న. స్టార్ట్ అయిందని అనుకునేవు, అది కాలే. తిరిగింది, అంతే. ఆరు నాజిల్స్ ఇప్పి, ఆ తొర్రలల్ల డీజిల్ పోసి, రోజులకు రోజులు నాననిచ్చి, నిన్న పొద్దుగాల ఫ్లైవీల్ పండ్లకు గడ్డపార ఆనించి మెల్లగ ఒత్తిన. మొదలు ఏం లేదు. మళ్ల ఒత్తిన. లోపల ఎక్కడ్నో చిన్నగ సప్పుడైంది, గడ్డపార అరచెయ్యంత కిందికి దిగింది. మామ మంచం మీదికెల్లి లేచి కూసున్నడు. "ఇగ ఆగు, బలం పెట్టకు, రింగులు ఇరుగుతయి" అన్నడు. ఇన్నేండ్లయినంక గూడ ఆ బండి మీద ఆయన హుకుమే నడుస్తది, నీకు ఎర్కే గదా.

మీ నాయిన మంచిగున్నడు. మీ అవ్వ మోకాలు నొప్పి అంటది గాని పొలం కాడికి పోవుడు మానది. రంగనాయకసాగర్ నీళ్లు కాలువలకు వచ్చినంక మన దిక్కు వరి ఎక్కువైంది, నాట్లేసే మనుషులే దొర్కుతలేరు. నీళ్లు లేక ఊరంత మొగులు దిక్కు చూసుకుంట కూసున్న రోజులు మన పోరగాండ్లకు చెప్తే నమ్ముతలేరు. సరే, ఇవన్నీ ఫోన్ల నీకు చెప్తనే ఉంటరు. ఫోన్ల చెప్పరానిదే ఉత్తరంల రాయాలె.

నువ్వు ఏమంటవో నాకు తెలుసు. "పాత ఇనుము కిలోకింత అని అమ్మితే పోయేదానికి, వాకిట్ల పెట్టుకొని పైసలు పోసుడేంది?" అంటవు. మీ చెల్లె గూడ ఇదే అన్నది, నీకంటె జెర గట్టిగనే. నేను ఒకటి పట్టినంటే ఇడువనని ఇద్దరికీ తెలుసు, అయినా ఇద్దరూ అడుగుతరు. అందుకే కూసొని నిమ్మళంగ రాస్తున్న. చదివినంక గూడ అట్లనే అనిపిస్తే అప్పుడు తిట్టు.

నువ్వు సౌదీల దమ్మాంల నడిపే బెంజి ఆక్ట్రోస్ లారీ ముక్కు మీద మూడు కోణాల చుక్క ఉంటది చూడు, అదే చుక్క మన లారీ మూతి మీద గూడ ఉన్నది. చిన్నప్పుడు మనం దాన్ని పట్టుకొని ఎక్కి బానెట్ మీద కూసునేటోళ్లం. బెంజి లారీ, బెంజి లారీ అనుడే గాని అదెట్ల బెంజి అయిందో మనకు ఎవ్వరు చెప్పలే. టాటావాళ్లు 1945ల టెల్కో పెట్టింది రైలింజన్ల కోసం. 1954ల జర్మనీ డైమ్లర్ బెంజ్ తోని 15 ఏండ్ల ఒప్పందం చేసుకొని జంషెడ్‌పూర్‌ల లారీలు మొదలువెట్టిండ్రు. 1969ల ఒప్పందం అయిపోయింది, చుక్క పోయింది, దాని జాగల టాటా పేరు మిగిలింది. అంటే చుక్క ఉన్న టాటా లారీ ఎక్కడ కనవడ్డా, అది ఆ 15 ఏండ్లల్ల పుట్టిందే. మన బండి పేరు 1210. 12 అంటే లోడు తోని కలిపి దాదాపు 12 టన్నులు, 10 అంటే దాదాపు 100 గుర్రాల బలం. అప్పటి ఎడ్ల బండ్ల బాటల మీద అది పెద్ద బలమే బావా. పత్తి బోరాలు నెత్తికెత్తుకొని మనూరి నుంచి వరంగల్ ఎనుమాముల మార్కెట్ దాకా అది మూలుగుకుంట పోయేది. మీ నాయిన స్టీరింగ్ కాడ, మా బాపు పక్కన, మనిద్దరం సెలవులు వస్తే పత్తి మీద.

ఇక్కడ నువ్వు అడ్డం వస్తవు. "అసలు ఇంజిన్ ఎప్పుడో పాయె గదా, దీన్ని పాత బండి అని ఎట్లంటవు?" నిజమే. మొదటి ఇంజిన్ బ్లాకు పగిలినంక మా బాపు టాటా 692 ఇంజిన్ ఎక్కిచ్చిండు. 692 అంటే ఆరు సిలిండర్లు, బోరు 92 మిల్లీమీటర్లు. తర్వాత వచ్చిన 697ల బోరు 97. నిన్న తిరిగింది ఆ 692నే. మరి ఏది అసలు, ఏది నకలు? ఈ లారీ ముంగట కూసున్నంక నాకు సమజైన సంగతి ఇదే. దీని గురించే రాద్దామని మొదలువెట్టిన.

నువ్వు పంపే అమెరికా వీడియోలు అన్నీ చూసిన. 1950ల నాటి షెవర్లే పికప్, ఫోర్డ్ పికప్, రేకు మెరుస్తది, బోల్టు మీది గుర్తు గూడ కంపెనీది పెట్టిన్నని వాడు గర్వంగ చెప్తడు. వాడి పని వాడికి తగ్గదే. అక్కడ క్యాబిను, తలుపు, తొట్టి, రంగు అన్నీ ఫ్యాక్టరీల ఒక్కతీరుగ తయారై వచ్చినయి. ఏ ఏడు ఏ రంగు వేసిండ్రో పుస్తకంల ఉంటది. దాన్ని మళ్ల పుట్టినట్టు చెయ్యాలంటే కంపెనీ కాయితం దొరికితే చాలు. మన లారీకి ఏ కాయితం చూస్తవు? జంషెడ్‌పూర్ నుంచి బయటికి వచ్చింది చాసిసు, ఇంజిను, ముంగట మూతి, స్టీరింగు. అంతే. క్యాబిన్ లేదు, తలుపు లేదు, తొట్టి లేదు. ఒక చెక్క మీద కూసొని, ముఖానికి తువ్వాల చుట్టుకొని, ఎండకు వానకు ఆ వట్టి చాసిస్‌ను డ్రైవర్లు దేశమంత నడుపుకుంట తెచ్చేటోళ్లు. ఆ మీదికెల్లి ఉన్నదంత మనోళ్ల చేతి పని. వడ్లాయన కట్టె, కమ్మరాయన ఇనుము, డెంటర్ రేకు, పెయింటర్ రంగు. లారీ కంపెనీది సగం, మనది సగం.

ఇది మన ఊరి ఒక్కదాని కథ కాదు. 1932 జూన్‌ల నిజాం సర్కారు 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతోని రోడ్డు రవాణా మొదలువెట్టినప్పుడు ఆల్బియన్ కంపెనీ బండ్లు స్కాట్లాండ్ నుంచి వచ్చినయి. అందుల ఒకటి ఇప్పటికీ బస్ భవన్ కాడ దాచిపెట్టిండ్రు. హైదరాబాద్ పోయినప్పుడు పోరగాండ్లను తీస్కపోయి చూపియ్యి. తర్వాత 1942ల పుట్టిన ఆల్విన్ కంపెనీ సనత్‌నగర్‌ల బస్సు బాడీలు కట్టింది. చాసిస్ ఒకళ్లది, బాడీ ఇంకొకళ్లది. విజయవాడ ఆటోనగర్ అంత పెద్దగ పెరిగింది గూడ ఈ పని మీదనే గదా. లారీ ఏ రాష్ట్రం పోయినా, క్యాబిన్ మీది పువ్వు చూసి "ఇది ఫలానా ఊర్ల కట్టిన బండి" అని మామ దూరం నుంచే చెప్తడు. కంపెనీ చుక్క చూసి ఎవ్వరు చెప్పలేరు.

అందుకే బావా, నేను చేస్తున్న పనిని రిపేరు అనకు, సోకు అనకు. మనోళ్ల సగాన్ని మళ్ల వాళ్ల తీరుగనే నిలబెడుతున్న.

ఇంజిన్ కంటె క్యాబిన్ కష్టం. రేకు ఇప్పినంక లోపల టేకు చట్రం బయటవడ్డది. కింది దూలాలు చెద పట్టి పొడి అయినయి గాని తలుపు చట్రాలు ఇంకా గట్టిగనే ఉన్నయి. ఎందుకో తెలుసా? మొల లేదు. ఒక కట్టెకు నాలుక తీసి, ఇంకోదానికి తొర్ర కొట్టి, అందుల దింపి, అడ్డంగ వెదురు చీల కొట్టిండ్రు. లారీ గుంతల పడ్డప్పుడల్ల చట్రం జెర ఆడుతది, మళ్ల కుదురుకుంటది. మొల కొడితే అది తుప్పు పట్టి తొర్ర పెద్దగ అయితుండె. ఈ పని తెలిసిన ముసలి వడ్లాయన మన మండలంలనే దొరికిండు. ఆయన పేరు రాయను, ఫోన్ చేసి సతాయిస్తవు. ఆయన కొత్త దూలాలు చెక్కుతుంటే నేను పక్కన కూసొని కొలతలు రాసుకుంటున్న. ఇప్పటిదాకా ఆ కొలతలు ఏ పుస్తకంల లేవు, ఆయన చేతులల్లనే ఉన్నయి.

రంగు ముచ్చట ఇంకా ఉన్నది. పైనున్న నీలం రంగు గీకి పారేసి కొత్తది కొట్టమని డెంటర్ పోరడు తొందర పెట్టిండు. నేను వద్దన్న. నీళ్ల కాయితం తీసుకొని, తడుపుకుంట తడుపుకుంట, వెనుక తలుపు మీద చెయ్యంత జాగ రుద్దిన. నీలం కింద ఆకుపచ్చ వచ్చింది. ఆకుపచ్చ కింద ఎరుపు. ఎరుపు మీద పసుపు అంచు తోని ఒక గీత వంగి కనవడ్డది. ఇంకా జెర రుద్దితే అది తామర రేకు. దాని పక్కన అక్షరం సగం, "శ్రీ" తల. ఇగ చెయ్యి ఆపేసిన. ఎక్కువ రుద్దితే అది గూడ పోతది. ఆ తలుపును ఇప్పి ఇంట్ల దూలానికి ఆనిచ్చి పెట్టిన. దాని మీద చెయ్యి వెయ్యొద్దని అందరికీ చెప్పిన.

ఇప్పుడు నీ పాత పాట. "ఎట్లయినా అంత చేస్తున్నవు గదా, ఎల్ఈడీలు పెట్టు, అల్లాయ్ చక్రాలు వెయ్యి, పెద్ద హారన్ పెట్టు." బావా, గా నాలుగు రాగాల ప్రెషర్ హారన్లకు రూల్లల్ల జాగ లేదు. బంపర్ ముంగట ఇనుప గార్డులు వద్దని 2017 డిసెంబర్‌లనే కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. కంపెనీ చెప్పిన ప్రమాణాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దని 2019 జనవరిల సుప్రీంకోర్టు గూడ చెప్పింది. చట్టం సంగతి పక్కన పెట్టు, ఆ బండికి అవి నప్పయి. నేను మారుస్తున్నయి వేరే. వైర్లన్ని కొత్తయి, ఒక్కో లైనుకు ఒక్కో ఫ్యూజు. బ్రేకు పైపులు మొత్తం కొత్తయి. డ్రైవర్‌కు సీటు బెల్టు. మా బాపు కాలంల ఇవి లేవు గాని, ప్రాణం కాడ పాతదనం చూసుడు నాకు నచ్చదు.

నా సోకు ఒక్కటే ఉన్నది. క్యాబిన్ లోపలి కప్పుకు చేర్యాల నకాషీ బొమ్మలు వేయిస్త. ఇప్పుడు చేర్యాల మన జిల్లానే గదా. ఎర్ర నేల మీద పటం కథ, కొమురవెల్లి మల్లన్న. అసలు చేర్యాల పటం ఖాదీ బట్టకు చింతగింజల అంబలి, సుద్దమట్టి పూసి గీస్తరు. ఇనుప కప్పుకు ఆ బట్ట నేరుగ అతకదు. అందుకే పలుచటి చెక్క మీద బట్ట పరిచి, పటం గీసినంక ఆ చెక్కను కప్పుకు బిగిద్దామని అనుకున్నం. బయట మాత్రం లారీ పెయింటర్ తామర పువ్వే. ఆయన జాగల ఇంకొకరిని కూసోబెట్టుడు మర్యాద కాదు.

సామాన్ల వేట గురించి అడగవా? అడుగుతవు, ఎంత అయిందని. చెప్పను. మొన్న సిద్దిపేటల పొద్దుటి రైలెక్కి సికింద్రాబాద్ పోయిన. 2023 అక్టోబర్‌ల ఆ రైలు మొదలైనంక ఇనుప సామాను మోసుడు జెర సులువైంది, నీకు రైలు అంటే నమ్మకం లేకున్నా. రాణిగంజ్ తిరిగిన, పుత్లీబౌలి తిరిగిన. 692కు రింగులు, గ్యాస్కెట్లు దొరికినయి. ఆ ఇంజిన్ల లారీలు మొన్న మొన్నటిదాకా నడిచినయి గనుక సామాను బతికున్నది. ముంగటి గ్రిల్లు దొరకలే, చుక్క చుట్టు ఉండే పట్టీ అసలే దొరకలే. దాన్ని కమ్మరాయన కొట్టి ఇస్తనన్నడు. చెప్పిన గదా, సగం మనదే. పోయిన సామాను గూడ మన సగంల నుంచే వస్తది.

డీజిల్ పంపు, నాజిల్స్ సిద్దిపేటల పంపు షాపుల ఇచ్చిన. నాజిల్ చిమ్మితే పొగ లెక్క చిమ్మాలె, ధార పడొద్దు. ఆరింట్ల రెండు ధార పడుతున్నయని మార్చిండ్రు. బ్రేకు లైనర్లు ఇప్పేటప్పుడు నేను పోరగాండ్లను దగ్గరికి రానియ్యలే. పాత లైనర్లల్ల ఆస్బెస్టాస్ ఉంటది. గాలి కొట్టి దుమ్ము లేపితే అది ఊపిరితిత్తులల్ల కూసుంటది, ఏండ్ల తర్వాత బయటవడుతది. తడి బట్టతోని తుడిచి, సంచిల కట్టి పక్కన పెట్టిన. చక్రాలు గూడ అంతే. పాత రింగు చక్రాలకు గాలి కొట్టేటప్పుడు రింగు ఎగిరి మనుషులు సచ్చిపోయిన సంగతి మామకు తెలుసు, నీకూ తెలుసు. ఇనుప పంజరంల పెట్టకుండ గాలి కొట్టద్దని పంచర్ ఆయనకు ఖరాఖండిగ చెప్పిన. ఇవన్ని రాస్తున్నది నిన్ను భయపెట్టనీకి కాదు. ఇంటికాడ పని చేస్తున్నంటే ఎట్లంటే అట్ల చేస్తున్ననని నువ్వు అనుకోవద్దని.

కాయితాల ముచ్చట వచ్చేసరికి నీకు నవ్వు వస్తది. వింటేజ్ బండ్లకని 2021 జులైల కేంద్రం కొత్త రూల్లు తెచ్చింది. 50 ఏండ్లు దాటాలె, వ్యాపారానికి వాడొద్దు, చాసిసు, బాడీ, ఇంజిన్ల పెద్ద మార్పు ఉండొద్దు. రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, నంబరుల వీఏ అనే అక్షరాలు. ఆ బండి నడిపేది గూడ ప్రదర్శనకో, ర్యాలీకో, రిపేరుకో, డీజిల్ పోయించుకోనీకో. మంచిదే. కాని ఆ రూల్లు రెండు చక్రాలు, నాలుగు చక్రాల బండ్ల గురించే మాట్లాడుతయి. రాసేటప్పుడు వాళ్ల కండ్ల ముంగట కార్లు, మోటర్‌సైకిళ్లు ఉన్నయి. నవాబుల కార్లకు జాగ దొరికింది, సంతోషమే. కాని ఈ దేశంల పత్తి, ఒడ్లు, ఇటుకలు, ఇసుక మోసింది ఎవ్వరు? ఇంజిన్ రెండు సార్లు మారకుండ, తొట్టి మూడు సార్లు కట్టకుండ 50 ఏండ్లు పనిచేసిన లారీ ఎక్కడన్న ఉంటదా? పని చేసింది గనుకనే మారింది. రూల్లు రాసేటోళ్లు లారీని గూడ లెక్కల పెట్టాలె. అప్పటిదాకా మన బండి మన చెల్కల, మన బాట మీదనే తిరుగుతది. కిరాయికి పోదు, రోడ్డు ఎక్కదు. మాట ఇస్తున్న.

"ఇప్పుడే ఎందుకు, ఇంకో పదేండ్లకు చెయ్యరాదా?" అంటవేమో. చెయ్యరాదు. 2025ల నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్ల ఏసీ తప్పనిసరి చేసిండ్రు. నలభై అయిదు డిగ్రీల ఎండల ఇంజిన్ పక్కన కూసొని ఉడికిన డ్రైవర్ల కోసం ఎప్పుడో రావాల్సిన రూలు అది. మీ నాయినను అడుగు, క్యాబిన్ల కూసుంటే తొడలు ఎట్ల కాలేవో చెప్తడు. కాని దాంతోని ఒక పని ముగుస్తున్నది. క్యాబిన్లు ఎక్కువగ కంపెనీల ఇనుముతోనే తయారై వస్తయి, వడ్లాయన చేతికి పని మిగలదు. ఆయన కొడుకు సిద్దిపేటల అల్యూమినియం కిటికీలు బిగిస్తున్నడు, మంచిగనే సంపాదిస్తున్నడు. నాలుక, తొర్ర, వెదురు చీల తెలిసిన చేతులు పదేండ్లు ఆగయి బావా. ఇనుము ఆగుతది. చెయ్యి ఆగదు.

ఇగ నీతోని పని. తలుపు మీద తామర రేకు దొరికింది, "శ్రీ" సగం దొరికింది, రంగులు దొరికినయి. కాని ఆ తర్వాత ఏం రాసి ఉండెనో, అక్షరాలు ఎంత లావు ఉండెనో ఎవ్వరం చెప్పలేకపోతున్నం. మామ ఒకటి చెప్తడు, మీ అవ్వ ఇంకొకటి చెప్తది, నాకు మూడోది యాదికున్నది. పెయింటర్ మాత్రం సూటిగ చెప్పిండు, "ఆనవాలు లేకుంటే నేను నా తీరుగ రాస్త, మళ్ల నన్ను అనద్దు" అని.

నువ్వు మొదటిసారి సౌదీ పోయేటప్పుడు పెట్టెల ఒక నలుపు తెలుపు ఫోటో పెట్టుకొని పోయినవు. మీ నాయిన లారీ వెనుక తలుపుకు ఆనుకొని నిలవడ్డ ఫోటో. తలుపు మీది అక్షరాలు ఆయన భుజం పక్కన ఉంటయి. రంగు నేను గీకి తెలుసుకున్న, ఆకారం నీ పెట్టెల ఉన్నది. దాన్ని ఎలుతురుల పెట్టి, వంకర లేకుండ, అక్షరాలు దగ్గరగ కనవడేటట్టు ఫోటో తీసి పంపు. ఈ శుక్రవారం సెలవు గదా నీకు, ఆ రోజే పంపు. పెయింటర్ సంక్రాంతి అయినంక వస్తనన్నడు, కొమురవెల్లి జాతర మొదలైతే ఆయన మళ్ల దొరకడు.

నీ
బావ